కడియంలో కొండ ఎక్కడుంది?

మా ప్రాంతంలో ఏ బడికైనా వెళ్లండి. ఏ తరగతి పిల్లలకైనా తలా ఒక తెల్లకాగితం ఇచ్చి 'మీకిష్టమైన బొమ్మ వెయ్యండి' అని చెప్పండి. కాసేపట్లో గదినిండా ఒకే బొమ్మ తయారవుతుంది. రెండు ముక్కోణపు కొండలు, వాటి నడుమనుంచి సగం లేచిన సూర్యుడు, మెలికలు తిరుగుతూ కిందికి వచ్చే ఏరు, ఏటి ఒడ్డున ఒక ఇల్లు, ఒక కొబ్బరిచెట్టు, ఆకాశంలో నాలుగు గీతల పిట్టలు. కొబ్బరిచెట్టు సరే. కడియంలో కొండ ఎక్కడుంది? చూపు ఆనినంత మేరా చదునైన డెల్టా నేల మాది. కాలవలు, వరిచేలు, కడియపులంక పూల మార్కెట్టు, హైవేకి రెండు పక్కలా మైళ్ల పొడుగునా నర్సరీలు, వేమగిరి, జేగురుపాడుల దగ్గర గ్యాసుతో నడిచేందుకు కట్టిన కరెంటు ప్లాంట్లు. ఇవేవీ ఆ కాగితం మీదకి రావు. తెల్లారకుండానే నర్సరీకి వెళ్లి ఎర్రమట్టి కవర్లలో నింపే అమ్మ రాదు. మొక్కల లోడుతో రాష్ట్రాలు దాటి వెళ్లే లారీ రాదు. ఎన్నడూ చూడని కొండ మాత్రం తప్పకుండా వస్తుంది.

పిల్లలకి ఊహాశక్తి లేక ఇలా వేస్తున్నారని పెద్దలు అంటారు. నేను ఒప్పుకోను. పిల్లలు చాలా తెలివిగా ఆలోచించే ఆ బొమ్మ వేస్తున్నారు. ఆ బొమ్మ వేస్తే ఎవరూ ఏమీ అనరు. 'ఇదేవిటి, ఇలా వేశావు?' అని అడగరు. ఇంటికి కబురు పెట్టరు. నవ్వరు. పెద్దవాళ్లకి ఏది చూపిస్తే తమని వదిలేస్తారో పిల్లలు చిన్నప్పుడే నేర్చుకుంటారు. ఆడపిల్లలు ఇంకా ముందే నేర్చుకుంటారు.

ఈ మధ్య పిల్లల మానసిక ఆరోగ్యం గురించి అందరూ మాట్లాడుతున్నారు. మంచిదే. ఏటా ఇంటర్ ఫలితాల రోజుల్లో పేపరు తెరవాలంటేనే భయపడే రాష్ట్రాలు మనవి. బొమ్మలు, పాట, నాటకం, కథ - ఇవన్నీ పిల్లల మనసుకి మందులని ఇప్పుడు కొత్తగా కనిపెట్టినట్టు బ్యానర్లు కడుతున్నారు. కళలు మనిషి ఆరోగ్యానికి మేలు చేస్తాయన్న విషయంలో నాకు తగాదా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో మూడు వేలకు పైగా అధ్యయనాలను పరిశీలించి ఒక నివేదికే వేసింది. నా తగాదా వేరు. కళ పేరుతో మనం పిల్లలకి ఇస్తున్నదేమిటి, దానివల్ల ఎవరికి హాయిగా ఉంటోంది? నా అనుభవంలో హాయిగా ఉంటున్నది పెద్దవాళ్లకి. పిల్లలు మరింత మర్యాదగా నోరు మూసుకోవడం నేర్చుకుంటున్నారు.

నేను తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. 2019 నుంచి, కోవిడ్ కాలం మినహాయిస్తే, ప్రతి ఆదివారం ఉదయం మా ఇంటి అరుగు మీద పిల్లలు కూచుని బొమ్మలు వేసుకుంటున్నారు. ఎక్కువమంది నర్సరీ కూలీల పిల్లలు. ఆదివారమైనా అమ్మలకి పని ఉంటుంది కదా. నేను డ్రాయింగు టీచర్ని కాను, సైకాలజిస్టుని అసలే కాను. కాగితాలు ఇస్తాను, అడిగితే వింటాను, మధ్యలో మజ్జిగ ఇస్తాను. ఈ వ్యాసంలో ఒకరిద్దరు పిల్లల బొమ్మల గురించి రాస్తున్నాను. వాళ్లనీ, వాళ్ల అమ్మలనీ అడిగే రాస్తున్నాను, పోల్చుకునే గుర్తులు మార్చాను. అడిగినా వద్దన్నవాళ్ల గురించి ఇందులో ఒక్క ముక్క కూడా లేదు. నిజానికి ముఖ్యమైన బొమ్మలన్నీ వాళ్లవే.

ముందు పోటీల సంగతి చెప్పాలి. మన బళ్లలో చిత్రకళ అంటే చిత్రలేఖనం పోటీ. నవంబరు 14కి ఒకటి, ఆగస్టు 15కి ఒకటి, మధ్యలో ఏ బ్యాంకువాళ్లో, క్లబ్బువాళ్లో వస్తే ఇంకొకటి. అంశం పైనుంచి వస్తుంది: పర్యావరణం, పరిశుభ్రత, దేశభక్తి. గంట టైము. ముగ్గురికి బహుమతి, మిగిలిన ఎనభైమందికి తమకి బొమ్మలు రావన్న జ్ఞానం. ఒక బడిలో 'నా కుటుంబం' అని అంశం ఇచ్చారు. ఆరో తరగతి పిల్ల ఒకతి ఇలా వేసింది: ఒక మూల వంగి మట్టి నింపుతున్న అమ్మ. వీపు మాత్రమే ఉంది, ముఖం లేదు. మంచం మీద నాన్న. గుమ్మంలో చంటి తమ్ముణ్ణి చంకనేసుకుని తను. పర్యవేక్షణకి వచ్చినావిడ చూసి, 'అమ్మకి ముఖం ఏదే? నాన్నని అలా పడుకోబెడతారా ఎవరన్నా? అందంగా వెయ్యాలమ్మా' అని ఇంకో కాగితం ఇచ్చింది. ఆ పిల్ల పది నిమిషాల్లో రెండు కొండలు, సూర్యుడు, ఏరు వేసి, ఏటి ఒడ్డున నలుగుర్ని చేతులు పట్టుకుని నిలబెట్టింది. మూడో బహుమతి వచ్చింది. ప్లాస్టిక్ టిఫిన్ బాక్సు.

మొదటి బొమ్మని మడిచి పుస్తకంలో పెట్టుకుని మా అరుగు మీదకి తెచ్చింది. అమ్మకి ముఖం ఎందుకు లేదని నేను అడగలేదు. తనే చెప్పింది. 'అమ్మ పొద్దున్నే ఎల్లేటప్పటికి నేను నిద్దర్లో ఉంటానండి. వచ్చేటప్పటికి చీకటి పడిపోద్దండి. సెలవురోజు క్యారేజీ ఇవ్వడానికెళ్తే వంగునే ఉంటదండి. అలాగే కదండీ కనపడేది?'

దీన్ని మించిన వాస్తవిక చిత్రం నేను చూడలేదు. కూలికెళ్లే తల్లి శ్రమని పిల్ల తనకి కనిపించిన కోణంలోంచి గీసింది. దాన్ని మార్చమన్నావిడ చెడ్డ మనిషేమీ కాదు. 'పిల్ల మనసు పాడవకుండా' చూడాలనే ఆవిడ ఉద్దేశం. ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. పిల్ల మనసుని కాపాడటం అంటే, ఆ మనసులో ఉన్నది బయటకి రాకుండా చూడటమా?

ఇక రెండో రకం వచ్చింది. ఒక్కరోజు వర్క్‌షాపులు. ఊరి బయటనుంచి కారులో వస్తారు. మంచి రంగులు తెస్తారు, అది ఒప్పుకోవాలి, మా పిల్లలు అలాంటి పేస్టల్స్ ముట్టుకోవడమే పండగ. గోడకి నవ్వు ముఖం, ఏడుపు ముఖం, కోపం ముఖం ఉన్న చార్టు అంటిస్తారు. 'ఇవాళ నీ మనసు ఏ రంగు?' అని అడుగుతారు. సంతోషానికి పసుపు, కోపానికి ఎరుపు, దిగులుకి నలుపు. మధ్యాహ్నం దాకా ఈ లెక్కలు. తర్వాత అందరూ కాగితాలు పైకెత్తి పట్టుకుంటే ఫోటో. ఒకసారి ఒక అబ్బాయి బొమ్మంతా నలుపు వేశాడని అతన్ని పక్కకి తీసుకెళ్లి అరగంట ఓదార్చారు. వాడు బయటకొచ్చి నాతో అన్నాడు, 'ఏటండీ వీళ్లు? డబ్బాలో నల్లదొక్కటే మిగిలిందండి, మిగతావన్నీ అమ్మాయిలు ఎత్తుకుపోయారు.'

నవ్వొస్తుంది గానీ ఇది నవ్వి వదిలేసే విషయం కాదు. నలుపు అంటే దిగులని, ముఖం లేకపోతే గాయమని, పెద్ద చేతులు వేస్తే ఇంకేదో అని పిల్లల బొమ్మల్ని నాడిపట్టినట్టు చదివేవాళ్లు తయారయ్యారు. ముఖంలేని అమ్మ వీళ్ల చేతికి చిక్కితే ఏం రాసేవారో ఊహించండి. ఆ పిల్ల చెప్పింది మాత్రం పనిగంటల గురించి. బొమ్మకి అర్థం కావాలంటే వేసినవాళ్లని అడగాలి, వాళ్లు చెప్పేదాకా ఆగాలి, చెప్పకపోతే ఊరుకోవాలి. దీనికి డిప్లొమా అక్కర్లేదు. అయితే వచ్చే ఆదివారం కూడా అక్కడే ఉండాలి. కారెక్కి వెళ్లిపోయేవాళ్లకి అది కుదరదు.

ఒకవేళ నిజంగా చెప్పకూడనిది చెప్పిందనుకోండి. 'మనసు విప్పి గీయండి' అని పిలుపిచ్చి, ఒక పదేళ్ల పిల్ల నిజంగానే మనసు విప్పి, ఇంట్లోనో పక్కింట్లోనో తనకి జరుగుతున్నది కాగితం మీద పెడితే? 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజెయ్యాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద అదే నేరం. ఈ సంగతి వర్క్‌షాపు పెట్టేవాళ్లలో ఎంతమంది పిల్లలతో పని మొదలుపెట్టేముందు ఆలోచిస్తున్నారు? 1098కి ఎవరు ఫోన్ చేస్తారు, పోలీస్ స్టేషనుకి ఆ తల్లితో ఎవరు వెళ్తారు, ఆ రాత్రి ఆ పిల్ల ఎక్కడ పడుకుంటుంది? ఈ ప్రశ్నలకి జవాబు లేకుండా పిల్ల నోరు తెరిపించడం నా దృష్టిలో క్రూరత్వం. తెరిచిన నోటికి ఎదురుగా ఎవరూ లేరని పిల్లకి తెలిస్తే అది మళ్లీ తెరుచుకోదు.

మన స్త్రీలకి ఈ భయం కొత్తది కాదు. ఆడవాళ్లు పాడుకునే రామాయణం పాటల్లో ఒక కథ ఉంది. పట్టాభిషేకం అయ్యాక శూర్పణఖ మారువేషంలో వచ్చి, రావణుడి బొమ్మ వేసి చూపించమని సీతని అడుగుతుంది. సీత అతన్ని కన్నెత్తి చూడలేదు, చూసింది కాలి బొటనవేలొక్కటే. ఆ వేలు మాత్రం గీస్తుంది. మిగిలిన బొమ్మ శూర్పణఖ పూర్తిచేస్తుంది. ఆ బొమ్మకి ప్రాణం వస్తుంది. ఇక అది వదలదు. అంతఃపురం ఆడవాళ్లందరూ కలిసి ఏం చేసినా పోదు. రాముడు చూస్తాడు. సీతని చంపమని లక్ష్మణుడికి ఆజ్ఞ ఇస్తాడు. ఈ పాటల మీద వెల్చేరు నారాయణరావు రాసిన వ్యాసం 1991లో వచ్చింది, చదవనివాళ్లు వెతికి చదవాలి. నాకైతే ఈ కథ మొత్తం ఒక ఆడదాని చేతిలోని కుంచె గురించే అనిపిస్తుంది. ఆమె గీసింది తను చూసినంత మేరకే. అడిగినవాళ్లు వేరు, పూర్తిచేసినవాళ్లు వేరు, శిక్ష మాత్రం ఆమెకి. చూసింది గీస్తే ఇల్లు పోతుందని ఎప్పుడో తెలుసుకున్న ఆడవాళ్ల మనవరాళ్లే ఇవాళ చూడని కొండలు గీస్తున్నారు.

ఆడపిల్లలకి 'భావోద్వేగాల నియంత్రణ' నేర్పుతామంటే నాకు అందుకే అనుమానం. కోపం వస్తే పది అంకెలు లెక్కపెట్టు, నచ్చిన రంగు దిద్దు, దీర్ఘంగా ఊపిరి తీసుకో. పుట్టినదగ్గర్నుంచి ఆడపిల్ల చేస్తున్న పని అదేగా. తమ్ముడికి కోడిగుడ్డు పెట్టి తనకి పులుసు పోసినప్పుడు లెక్కపెట్టింది. పెద్దమనిషి అయిందని బడి మానిపించే మాట ఇంట్లో నలుగుతున్నప్పుడు లెక్కపెట్టింది. ఆ పిల్ల కోపానికి కారణం ఉన్నప్పుడు కోపం తగ్గించే రంగులిచ్చి కారణాన్ని అలాగే ఉంచితే, ఆ రంగులు ఎవరి పక్షాన ఉన్నట్టు?

మరో విషయం. రంగులకన్నా ముందు ఇంకేదో కావాలని నాకు మా అరుగు నేర్పింది. ఒక పదకొండేళ్ల పిల్ల వరసగా మూడు ఆదివారాలు వచ్చింది గానీ ఒక్క గీత గియ్యలేదు. చంకలో చంటివాడు. దింపితే ఏడుస్తాడు, కాగితాలు నోట్లో పెట్టుకుంటాడు. నాలుగో వారం మా పక్కింటి పిన్నిగారు వచ్చి 'వాణ్ణి ఇలా తేవే' అని ఎత్తుకుంది. ఆ రోజు ఆ పిల్ల రెండు చేతులతో బొమ్మ వేసింది. ఏం వేసిందన్నది ఇక్కడ అప్రస్తుతం. పిల్లల మానసిక వికాసానికి కావలసిన సామగ్రి జాబితాలో 'చంటిపిల్లాణ్ణి ఎత్తుకునే ఇంకో చెయ్యి' అని నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. ఆ పుస్తకాలు రాసినవాళ్లు చెల్లెళ్లనీ తమ్ముళ్లనీ మోసి ఉండరు.

ఆ చెయ్యి పేరు అంగన్‌వాడీ. పాట, కథ, ఆట, మట్టిబొమ్మ - మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి ఇవన్నీ ఇవ్వడం వాళ్ల పని. కళలతో పిల్లల మనసుని పెంచే వ్యవస్థ ఏదైనా ఈ దేశంలో ఊరూరా ఉందంటే అది అదే. దాన్ని నడిపే ఆడవాళ్లని ప్రభుత్వం ఉద్యోగులనదు, వాళ్లకిచ్చేది జీతమనదు, గౌరవ వేతనం అంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 12న వాళ్లు సమ్మెకి దిగేనాటికి కార్యకర్తకి 11,500 రూపాయలు, ఆయాకి 7,000. సమ్మె 42 రోజులు నడిచింది. మధ్యలో ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. అత్యవసర సేవలట! అత్యవసరమైన మనుషులకి ఉద్యోగి అన్న పేరైనా ఇవ్వకపోవడంలోని వింత ఎవరికీ తట్టలేదు. పిల్లల మానసిక ఆరోగ్యం మీద సదస్సుల్లో ఉపన్యాసాలిచ్చే పెద్దలు ఆ 42 రోజుల్లో ఏ టెంటు దగ్గరా నాకు కనపడలేదు.

ఆడవాళ్ల చేతిలో ఉన్న కళని కళ అనకపోవడం మనకి అలవాటు. పిల్లని తీసుకెళ్లడానికొచ్చిన ఒక అమ్మని ఒకరోజు 'నువ్వూ కూచోమ్మా' అన్నాను. 'నాకు బొమ్మలు రావండి' అంది. ఆవిడే ధనుర్మాసంలో ఇరవై ఒక్క చుక్కలు, సందు చుక్క పదకొండు వచ్చేదాకా పెట్టి, ఎక్కడా చెయ్యి ఎత్తకుండా మెలికల ముగ్గు పూర్తిచేస్తుంది. మధ్యాహ్నానికి సైకిళ్లు తొక్కి చెరిపేస్తాయి. మర్నాడు మళ్లీ వేస్తుంది. ఇప్పుడు దానికీ పోటీలొచ్చాయి, సంక్రాంతికి మైదానంలో గళ్లు గీసి, స్పాన్సరు పేరున్న టోపీ పెట్టి, కుక్కరు బహుమతి. ఇంటిముందు పొద్దున్నే తనకంటూ ఉన్న ఆ అరగంట కూడా మార్కులకి పోయింది.

కడియంలో ఇంకో కళ ఉంది. కొత్త సంవత్సరానికి, జనవరి 26కి నర్సరీల్లో వేల మొక్కల్ని రంగులవారీగా పేర్చి అంకెలు, అక్షరాలు, బొమ్మలు తీరుస్తారు. పేపర్లో ఫోటోలు వస్తాయి, టీవీలవాళ్లు వస్తారు. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. ఆ కుండీలు మోసి, వంగి, వరస తప్పకుండా సర్దిన ఆడవాళ్ల పేరు నేను ఇంతవరకూ ఏ ఫోటో కింద చూడలేదు. పక్క జిల్లా నర్సాపురం లేసు కథ దీనికి పెద్దమ్మ కూతురు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన అల్లిక ప్రపంచ మార్కెట్టుకి ఎగుమతైంది. మరియా మీస్ అనే జర్మన్ స్త్రీవాది అక్కడికొచ్చి పరిశోధించి 1982లో వేసిన పుస్తకం చెప్పిందేమిటి? అల్లేవాళ్లని కార్మికులుగా కాక ఇంటిపట్టున తీరికవేళ ఏదో అల్లుకునే గృహిణులుగా లెక్కకట్టడంవల్లే ఆ వ్యాపారం అంత చౌకగా నడిచిందని. 'తీరిక', 'సరదా', 'సేవ' - ఆడవాళ్ల పనికి కూలి ఎగ్గొట్టాలనుకున్నప్పుడు వాడే మాటలివి. రేపు పిల్లల కళలకి కూడా ఇవే వాడతారు. 'ఊళ్లో చదువుకున్న ఆడవాళ్లు తీరికవేళ స్వచ్ఛందంగా నేర్పొచ్చు కదా' అని ఇప్పటికే ఒక పెద్దమనిషి నాకు సలహా ఇచ్చారు. నాకు పెన్షనుంది కాబట్టి కూచుంటున్నాను. పెన్షను లేనివాళ్లకి ఎవరిస్తారండీ ఆ తీరిక?

కళలూ పిల్లలూ అనేది పట్నం నుంచో పైదేశం నుంచో దిగిన ఆలోచన కూడా కాదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు - రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య - 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు, 1945లో 'బాల' పత్రిక తెచ్చారు. పిల్లల్ని పిల్లల గొంతుతోనే మాట్లాడనిచ్చారు. (అన్నయ్య పేరు గుర్తున్నంతగా అక్కయ్య పేరు మనకి ఎందుకు గుర్తులేదో వేరే చెప్పక్కర్లేదు.) రాజమండ్రిలో దామెర్ల రామారావు 28 ఏళ్లు నిండకుండానే, 1925లో పోయాడు. ఆయన పెట్టిన చిత్రకళాశాల, ఆయన పేరుతో గ్యాలరీ ఊళ్లోనే ఉన్నాయి. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. కడియంలో బస్సెక్కితే గంటలోపు వెళ్లగలిగే చోటు. మా పిల్లల్లో అక్కడికి బడి తరఫున వెళ్లినవాళ్లు ఎవరూ లేరు. షాపింగ్ మాల్ చూసొచ్చినవాళ్లున్నారు.

నాతో ఉద్యమాల్లో తిరిగిన మిత్రులు కొందరు ఇంకోవైపు నుంచి వస్తారు. 'కూలిరేట్ల గురించి మాట్లాడాల్సింది పోయి బొమ్మలేమిటండీ? ఆకలికి రంగులు పూస్తారా?' అంటారు. వాళ్ల అనుమానంలో సగం నాదే. కూలి పెరగకుండా, తాగుడు తగ్గకుండా, ఆడపిల్లకి రాత్రి భయంలేకుండా నిద్రపట్టే ఇల్లు లేకుండా, కళ 'నయం చేస్తుంద'ని చెప్పేవాళ్లు అబద్ధం చెబుతున్నారు. కానీ మిగతా సగం దగ్గర నేను వాళ్లతో పోట్లాడతాను. పేదపిల్లకి అన్నమే చాలు, మనసు తర్వాత చూసుకోవచ్చని అనుకోవడంలో ఒక తక్కువచూపు ఉంది. తమ పిల్లల్ని సంగీతానికీ కూచిపూడికీ పంపేవాళ్లే ఈ మాట అనడం నేను విన్నాను.

ఫ్రీడల్ డికర్ బ్రాండైస్ అనే చిత్రకారిణి గురించి ఇక్కడ చెప్పాలి. వియన్నాలో పుట్టి, బౌహౌస్‌లో చదువుకున్న యూదు స్త్రీ. 1942 డిసెంబరులో నాజీలు ఆమెని తెరెజిన్ నిర్బంధ శిబిరానికి పంపారు. తీసుకెళ్లనిచ్చిన కొద్దిపాటి సామానులో రంగులు, కాగితాలు పట్టుకెళ్లింది. అక్కడి పిల్లలకి రెండేళ్లపాటు బొమ్మలు నేర్పింది. కాగితాలు అయిపోతే ఆఫీసు ఫారాల వెనక వేయించింది. ప్రతి బొమ్మ మీదా పిల్లల చేత పేరు రాయించేది. నంబర్లుగా మార్చేసిన పిల్లలు తమ పేరు తాము రాసుకోవడం చిన్న విషయమా! 1944 అక్టోబరులో ఆమెని ఆష్‌విట్జ్ పంపి చంపేశారు. వెళ్లేముందు ఆమె దాచిన రెండు సూట్‌కేసుల్లో సుమారు 4,500 బొమ్మలు దొరికాయి. వేసిన పిల్లల్లో ఎక్కువమంది బతకలేదు. ఆ బొమ్మలు వాళ్లని కాపాడలేదు. కాపాడతాయని ఆమె అబద్ధం చెప్పనూ లేదు. అయినా ఆ గంటసేపు వాళ్లు చూసేవాళ్లుగా, ఎంచుకునేవాళ్లుగా, పేరున్నవాళ్లుగా ఉన్నారు. నేను అడుగుతున్నది అంతే. అంతకన్నా ఎక్కువ ఇస్తామనేవాళ్లని నమ్మను, అంతకన్నా తక్కువకి ఒప్పుకోను.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. నీళ్లు తగ్గాక లంకల్లో చుట్టాలున్న పిల్లలు మా అరుగు మీద చాలా వారాలు నీళ్లే వేశారు. నీళ్లు, నీళ్లలో గేదె, నీళ్లలో మంచం. చూసినవాళ్లు 'ఇంకా అదేనా, మరిచిపోండర్రా' అన్నారు. ఎవరూ మరిచిపోలేదు. ఒకవారం ఒక అబ్బాయి గేదె పక్కన పడవ వేశాడు, తర్వాతివారం పడవలో తన మామయ్యని వేశాడు. ఆ మామయ్య నిజంగా వచ్చాడా అని నేను అడగలేదు. 2004 డిసెంబరు సునామీ తర్వాత నిమ్హాన్స్ వాళ్లు పిల్లలతో పనిచేసేవాళ్లకి శిక్షణ ఇచ్చినప్పుడు కథ, బొమ్మ, ఆట, మట్టి - ఇవన్నీ వాడారు. వాటిని చేతపట్టుకుని ఊళ్లో నిలబడింది స్థానికులైన మామూలు కార్యకర్తలు, టీచర్లు. ఈ పని ఊళ్లో ఉండేవాళ్లే చెయ్యగలరు, ఉన్నవాళ్లకి డబ్బిచ్చి చేయించాలి.

చట్టం ఈ మాట ఎప్పుడో ఒప్పుకుంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు తీసి చూడండి. ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో పిల్లలు వందకు మించితే కళావిద్యకి ఒక పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి. అంతకుముందే 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కోసం కళల మీద వేసిన నిపుణుల బృందం పదో తరగతి దాకా కళల్ని తప్పనిసరి చెయ్యమంది. చట్టానికొచ్చేసరికి ఆ 'తప్పనిసరి' కాస్తా 'పార్ట్‌టైమ్' అయింది, అదీ వంద దాటితేనే. తొంభై తొమ్మిదిమంది ఉన్న బడిలో పిల్లలకి మనసుండదు కాబోలు. ఆ పోస్టు నింపిన చోట కూడా ఆ మనిషి చేత అటెండెన్సు రిజిస్టర్లు రాయిస్తారు, ఎవరైనా సెలవు పెడితే ఆ క్లాసుకి పంపిస్తారు, మంత్రి వస్తే స్వాగతం బోర్డు రాయిస్తారు.

మేం ఒక అర్జీ రాశాం. ఊళ్లోని బళ్లన్నిటికీ కలిపైనా సరే, సంఖ్యతో పనిలేకుండా, ఊళ్లో ఉండే ఒక స్త్రీని కళల టీచరుగా పూర్తికాలం జీతంమీద నియమించాలి. వారానికి రెండు పీరియడ్లు, వాటిని లెక్కల సారు అరువు తీసుకోకూడదు. ఆ పీరియడ్లలో పోటీలు, బహుమతులు ఉండకూడదు. పిల్ల ఒప్పుకోనిదే బొమ్మ గోడకెక్కకూడదు, ఫోటో తీయకూడదు. పోక్సో కింద ఏం చెయ్యాలో ఆ టీచరుకి మొదటే శిక్షణ ఇవ్వాలి. తమ్ముణ్ణో చెల్లెల్నో ఎత్తుకొచ్చిన పిల్లని వెనక్కి పంపకూడదు. ఈ చివరిదాన్ని రాయమన్నది పక్కింటి పిన్నిగారు.

అర్జీ పట్టుకుని ఆఫీసుకి అయిదుగురం వెళ్లాం. అందులో ముగ్గురు నర్సరీలో పనిచేసేవాళ్లు, ఆ రోజు కూలి మానుకుని వచ్చారు. తీసుకున్నాయన మొత్తం చదివి, 'బహుమతులు వద్దంటారేంటండీ? ప్రైజు లేకపోతే పిల్లలు బొమ్మలెందుకు వేస్తారు?' అన్నారు. ముఖంలేని అమ్మ మా వెనకే నిలబడి ఉంది. 'మా పిల్ల వేస్తదండి' అంది. ఆయన ఆవిడ వైపు చూడకుండానే కాగితం మీద స్టాంపు వేసి తేదీ రాసిచ్చారు. మూడు నెలలయింది, వచ్చే సోమవారం మళ్లీ వెళ్తున్నాం.